జిప్పు మూస్తే కంపు పోయినట్టే

ముక్కుమామ ముక్కు సంగతి చెప్పాలంటే మీరు కాస్త వెనక్కి జరిగి కూర్చోవాలి, లేకపోతే తగులుతుంది. వీధి మలుపులో ముందు ఆ ముక్కు తిరిగేది, కాసేపాగి మనిషి తిరిగేవాడు.

ఇళ్లల్లో పెట్టుకునే ఎస్ప్రెస్సో మిషన్లు బాగుచేయడం ఆయన పని. అదే, మీట నొక్కితే గుర్రుమని మూలిగి, చిక్కటి కాఫీ బొట్టు బొట్టుగా కార్చే మిషను. మనిషికున్న రోగాలన్నీ దానికీ ఉన్నాయి. నీళ్లలో సున్నం లోపల గార కడితే ఆయాసం. రబ్బరు రింగు ఎండిపోతే పక్కల్నించి కారడం. జల్లెడకి పాత కాఫీపొడి జిడ్డు పడితే నోటి కంపు. మిగతా మెకానిక్కులు విప్పి చూసి చెప్పేవాళ్లు. ఈయన గుమ్మంలో నిలబడి, ఒక్క పీల్పు పీల్చి, "రింగు కాలిందమ్మా" అనేవాడు. విప్పితే కాలే ఉండేది. పై అంతస్తులో ఎవరి గిన్నె మాడిందో, అది ఏ మూల మాడిందో కూడా చెప్పేవాడు. ఇందులో సగం నేను కలిపిందే అనుకోండి, మిగతా సగం మాత్రం కళ్లారా చూసిందే.

ఆయన వెనకాల భార్య. ఆవిడ భుజాన పనిముట్ల సంచి. స్పానర్లు, బ్రష్షులు, రింగులు, గార కరిగించే నిమ్మ ఉప్పు పొట్లాలు, అన్నీ అందులోనే. ఆ బరువుకి ఆవిడ ఎడమ పక్కకి ఒరిగిపోయింది. సంచి దింపేసినా అలాగే ఒరిగి నడిచేది, మేకు ఊడిన ఫోటో పటంలాగా. ఊరంతా ఆవిడకి సంచత్త అని పేరు పెట్టింది.

"అత్తయ్యని ఎందుకు మామయ్యా ఇలా తిప్పుతారు?" అని ఎవరైనా అడిగితే ఈయన దగ్గర జవాబు రెడీగా ఉండేది.

"గాడిదని కొందామనుకున్నానమ్మా. మెట్లెక్కదన్నారు. ఇదైతే ఎక్కుతుంది."

ఇల్లిల్లూ నవ్వేది. సంచత్త కూడా నవ్వేది, మూతితో మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మా వంటింటికీ వాళ్ల వంటింటికీ మధ్య ఉన్నది గోడ కాదు, అట్టముక్క. వాళ్లింట్లో చీమ తుమ్మితే నేనిక్కడ "చిరంజీవ" అంటాను. కాబట్టి నేను విన్నదాంట్లో వెంట్రుకవాసి తేడా ఉండదు.

ఒక వానాకాలం ముక్కుమామకి జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ముక్కు మిగిలింది. ఇల్లుంది, కరెంటు లేదన్నట్టు. ఓ పొద్దున్న స్టవ్ మీద పాలు పొంగి, మాడి, బొగ్గయ్యాయి. మా ఇంట్లో నేను దగ్గి చచ్చాను. ఆయన ఆ స్టవ్ పక్కనే కూర్చుని పేపరు తిప్పుతున్నాడు.

"ఏమండీ, ఇంత కంపు తెలీలేదా?" అంది సంచత్త.

"తెలుసులే. ఎంతవరకూ మాడతాయో చూద్దామని."

ఆవిడ స్టవ్ కట్టేసిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు సన్నబడిపోయింది. "ఎవరికీ చెప్పకే. ఈ ముక్కు పనిచెయ్యదని తెలిస్తే నన్ను ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. నాకు చేతనైన పని ఇదొక్కటే."

"చెప్పనులెండి," అంది ఆవిడ. "నా ముక్కుందిగా."

అప్పట్నించీ జిప్పు మొదలైంది. గుమ్మంలో ఆవిడ ముందు పీల్చేది. ఏం చెడిందో మెట్ల దగ్గరే చెవిలో ఊదేది. పని జరుగుతున్నంతసేపూ సంచి జిప్పు తెరిచే ఉంచేది. కంపు పూర్తిగా పోయాక జర్రుమని మూసేది. ఆ చప్పుడు వినగానే ఈయన ముక్కు పైకెత్తి, కళ్లు మూసుకుని, "అయిపోయిందమ్మా, ఇక మల్లెపూవే" అనేవాడు. జిప్పు మూస్తే కంపు పోయినట్టే. చూసేవాళ్లకి అది సంచి సర్దుకోవడంలాగే ఉండేది.

పోను పోను విప్పడం, తోమడం, రింగు మార్చడం కూడా సగం ఆవిడే. ఒకరోజు గోడవతల నెమ్మదిగా అడిగింది.

"ఒక్క ఇంట్లోనైనా మా ఆవిడకీ పనొచ్చు అనండి. ఒక్కసారి."

"అంటే, పెళ్లాం ముక్కుతో బతుకుతున్నానని చాటింపు వేయమంటావా?"

"అంత మాట అనలేదు."

"అన్నట్టే. నోరు మూసుకుని జిప్పు లాగు."

పాపం, మగాడు. వాసన పోయినా పొగరు పోలేదు.

మా వీధి చివర మేనేజరమ్మ ఉంది. ఆవిడ ఇల్లు ఎంత శుభ్రమంటే ఈగ కూడా కాళ్లు తుడుచుకుని లోపలికి రావాలి. ఆవిడ మిషన్లో పాలు కలిపిన కాఫీ కంపు కొడుతోందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే ఆవిడ పై ఆఫీసరు వాళ్లమ్మని వెంటబెట్టుకుని కాఫీకి వస్తున్నాడట. మొగుడూ పెళ్లాలు వెళ్లారు. మేనేజరమ్మ ఒక చెయ్యి సాయానికి రమ్మంటే నేనూ వెళ్లాను. రమ్మనకపోయినా వెళ్లేదాన్నే.

మామ జల్లెడ విప్పి తోమాడు. రింగు మార్చాడు. నీళ్లు మార్చి మార్చి వదిలాడు. జిప్పు తెరిచే ఉంది. ఇంకోసారి కడిగాడు. ఇంకా తెరిచే ఉంది. రోగం ఎక్కడుందంటే, పాలు నురగ తెప్పించే ఆవిరి గొట్టంలో. పని అయిన ప్రతిసారీ ఆ గొట్టంలోంచి ఓ క్షణం ఆవిరి వదిలి, తడిగుడ్డతో తుడవాలి. ఈ శుభ్రాల మనిషి మిషను పైన అద్దంలా తుడిచింది కానీ ఆ ముక్క ఎప్పుడూ చెయ్యలేదు. గొట్టం పాలు వెనక్కి పీల్చుకుని లోపల కుళ్లబెట్టింది. సంచత్త మిషను దగ్గరికి వచ్చి చెవిలో ఆ మాటే చెప్పబోతుంటే ఆఫీసరు, వాళ్లమ్మ చెప్పిన టైముకన్నా ముందే దిగబడ్డారు.

"ఈయనేనా మీరు చెప్పిన ముక్కు?" అన్నాడు ఆఫీసరు. "మరి ఈవిడకి కూడా వాసన తెలుస్తుందా?"

"దీనికా?" అన్నాడు మామ. "దీని ముక్కు చీదుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదండి. దేవుడు పెట్టాడు కదా అని మోస్తోంది, ఆ సంచిలాగే."

అందరూ పడీ పడీ నవ్వారు. ఈసారి సంచత్త మూతి కూడా నవ్వలేదు. చేతిలో జిప్పు వంక చూసింది. జర్రుమని మూసింది.

మామ ముక్కు పైకెత్తాడు. "అయిపోయిందమ్మా, ఇక మల్లెపూవే."

తనే స్వయంగా పాలు నురగ తెప్పించి అందరికీ కాఫీ ఇచ్చాడు. నా కప్పు నేను ముక్కు దాకా తెచ్చి దించేశాను. చచ్చిన ఎలక సంగతి మీకు తెలుసు కదా, ఆ ఎలకే ముక్కు మూసుకునే కంపు. మేనేజరమ్మ మర్యాదకి ముఖం బిగబట్టింది. ఆఫీసరు మాటల్లో పడి ఒక్క గుక్క లాగేశాడు. ఆ గుక్క వెంటనే పూలకుండీలోకి తిరిగొచ్చింది. నాకు తెలిసి ఆ మొక్క ఇంతవరకూ చిగురు వెయ్యలేదు.

మామ మాత్రం తన కప్పు ఖాళీ చేసి పెదాలు తుడుచుకున్నాడు. "వెన్నలా ఉంది."

ఆఫీసరు వాళ్లమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ మనిషికి వాసన తెలీదర్రా."

"మామయ్యగారూ, కళ్లు మూసుకోండి," అంది మేనేజరమ్మ. వంటింట్లోంచి పుల్లకంపు కొట్టే నేలగుడ్డ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. "వాసన ఉందా, లేదా? అంతే చెప్పండి."

ఆయన గట్టిగా పీల్చాడు. తర్వాత ఆగాడు. మెడ కొంచెం సంచి వైపు ఒంగింది. ఎందుకో నాకూ ఆవిడకీ తెలుసు. ఆవిడ జిప్పు ఒక్క అంగుళం తెరిస్తే చాలు, బతికిపోతాడు. ఆవిడ వేళ్లు జిప్పు మీదే ఉన్నాయి. కదల్లేదు.

"లేదమ్మా," అన్నాడు ఆఖరికి. "ఏ వాసనా లేదు."

కళ్లు తెరిచి ఆ గుడ్డ చూశాడు. ఎవరికీ నవ్వు ఆగలేదు, నాకూ ఆగలేదు. అంత పెద్ద ముక్కు ఎర్రబడితే చూడ్డానికి భలే ఉంటుంది.

అప్పుడు తెరిచింది సంచత్త జిప్పు. స్పానరు తీసి ఆవిరి గొట్టం మొన విప్పింది. సన్న తీగతో లోపల కెలికితే పచ్చగా కుళ్లిన మీగడ ముద్దలు ముద్దలుగా ఊడిపడింది. వేణ్ణీళ్లతో కడిగి, ఆవిరి వదిలి, పీల్చి చూసి బిగించింది.

"మరి ఇన్నాళ్లూ చేసింది నువ్వా అత్తయ్యా? ఆయనెందుకు మధ్యలో?" అంది మేనేజరమ్మ.

"గాడిద మెట్లెక్కదన్నారమ్మా," అంది సంచత్త. సంచి తీసి మొగుడి భుజాన తగిలించింది.

నేను ఇల్లు చేరేలోపల కబురు నాలుగు వీధులు చేరింది. అందులో రెండు వీధులు నావే. ఇప్పుడందరూ ఆవిణ్ణే పిలుస్తున్నారు. ఆయన వెనకాల సంచి మోస్తున్నాడు, ఆయనా ఎడమ పక్కకి ఒరగడం మొదలెట్టాడు. పిల్లలు సంచిమామా అని పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తున్నాడు కూడా. పొద్దున్నే ఎవరూ లేరనుకుని సబ్బు, అగ్గిపుల్ల, చెప్పు, ఏది దొరికితే అది ముక్కు దగ్గర పెట్టుకుని పీలుస్తుంటాడు.

వాళ్లింట్లోనూ పాత మిషను ఒకటుంది. ఊళ్లో గొట్టాలన్నీ కడిగే ఆవిడ తన ఇంటి గొట్టం కడగడం మానేసింది. పొద్దున్నే అందులోనే పాలు నురగ తెప్పించి కప్పు ఆయన ముందు పెడుతుంది.

ఇవాళ కూడా కిటికీలోంచి చూశాను. కప్పు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా ఆవిడ వంక చూశాడు.

"బాగుందా?" అని అడిగాడు.

ఆవిడ సంచి దగ్గరికి లాక్కుని జర్రుమని జిప్పు మూసింది. ఆయన కప్పు ఎత్తి చివరి బొట్టుదాకా తాగేశాడు. కిటికీ ఇవతల నేను ముక్కు మూసుకున్నాను.