ఈ పొద్దు కుర్చీ ఎవురిదో

నా భార్య పోయి ఏడాది కావస్తోంది. నాకింకా ఏడుపు రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. "రాయి గదప్పా ఈ మనిషి" అని మా చెల్లెలు నా ముందే అనేసింది. అననీ. ఏడుపేమన్నా కుళాయా, తిప్పితే రావడానికి? తింటున్నాను, పడుకుంటున్నాను, పొద్దున్నే లేచి మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా పనికి పోతున్నాను. లోపల మాత్రం ఏమీ లేదు.

ఆమె పుంగనూరులో లెక్కల టీచరు. చివరిదాకా అదే బడి. ఆమె తరగతిలో ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద లెక్క తప్పు చేసినవాళ్ళను తన కుర్చీలో కూర్చోబెట్టేది. తప్పెక్కడ జరిగిందో వాళ్ళు దర్జాగా కూర్చుని కనిపెట్టాలి. తనేమో నిలబడే ఉండేది. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకముందే అడిగేది.

"ఈ పొద్దు కుర్చీ ఎవురిదో తెల్సునా?"

"నాకెట్లా తెలుస్తాదే, నేనేమన్నా ఆడుండానా?" అని విసుక్కునేవాణ్ణి. విసుక్కుంటూనే, అనపకాయలు ఒలుస్తూ అంతా వినేవాణ్ణి.

మొన్న ఆమె పేరు మీద ఆ బడిలో లెక్కల బహుమతి పెట్టారు. కుప్పంలో లాయరుగా ఉన్న ఆమె పాత శిష్యుడు వచ్చి నన్ను కారులో తీసుకుపోయాడు. కరెంటు లేదు, ఉక్కపోత, పైగా నాకు శాలువా! మాట్లాడినవాళ్ళంతా ఏడ్చారు, ఏడుస్తూ నా మొహం చూశారు. నేను తిరగని ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాను. వేదిక మీద నా పక్కనే ఆమె కుర్చీలో ఆమె ఫొటో పెట్టి దండ వేశారు.

బహుమతి ఒక పదో తరగతి పిల్లకు వచ్చింది. వేదికెక్కింది గానీ, మెడల్ వేయించుకోకుండా ఆ కుర్చీనే చూస్తూ నిలబడిపోయింది.

"ఏమ్మా?" అన్నాను.

"నేనెప్పుడూ తప్పు సెయ్యలేదు సార్," అంది మెల్లగా. "అందురూ ఆ కుర్చీలో కూర్సున్నారు, నేను తప్ప. ఒకసారి కావాలనే తప్పు సేస్తే మేడం కనిపెట్టేసింది. నవ్వి, నీ సోటికి పోమ్మా అనింది."

"ఇప్పుడు కూర్సుంటావా?"

తలూపింది. లేచి ఫొటో మీద చెయ్యి వేశాను. లాయరు కంగారుపడ్డాడు.

"దండేసిన ఫొటో, తియ్యకూడదప్పా!"

"బతికుండంగా ఆమె దీంట్లో కూర్సోనేలేదు. సచ్చినాక యాల కూర్సోబెట్టినారు?"

ఫొటో తీసి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుంది, తర్వాత వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది, వెక్కివెక్కి ఏడ్చింది. లాయరూ ఏడ్చాడు. నాకు రాలేదు.

లాయరు కారు వద్దని, సాయంత్రం బస్సులోనే వచ్చి ఇంటి తాళం తీశాను. చెప్పులు విప్పబోతుండగా, నాకు తెలియకుండానే గట్టిగా నోట్లోంచి వచ్చేసింది.

"ఏమే, ఈ పొద్దు కుర్చీ ఎవురిదో తెల్సునా?"

విసుక్కునే మనిషి లేదు. చెప్పులతోనే గడప మీద కూలబడ్డాను. ఏడుపు అప్పుడొచ్చింది.