తాబేలుకు పెట్టిన కుంకుమ

ఒడిశాలోని మా గంజాం తీరంలో వలలో చచ్చిన తాబేలును సముద్రంలోకి తోసేయరు. ఒడ్డుకు తెచ్చి, పసుపు రాసి, కుంకుమ పెట్టి ఇసుకలో పూడుస్తారు. కూర్మావతారం కదా. మా ఆయనా అలాగే చేశాడు. పూడుస్తుండగా ఫారెస్టువాళ్ళు చూసి కేసు రాశారు, బోటు పట్టుకుపోయారు. మా బతుకంతా ఆ బోటే.

మా అమ్మాయి అప్పటికి బరంపురంలో లా చదువుతోంది. పర్యావరణ చట్టాలు, దేశాల మధ్య ఒప్పందాలు దాని సబ్జెక్టు. నాకు ఈ వయసులో అక్షరాలు దిద్దించింది కూడా అదే. బోటు విడిపిస్తుందని ఆ ఊళ్ళోనే గోసాని నువాగాంలో దాని అద్దె గదికి వెళ్ళాను.

"మీ సారుకి సెప్పవే. ఆయనొక మాటంటే వదిలేస్తారు."

"సారు మాటకి కోర్టు వదల్దమ్మా," అంటూనే కాలేజీకి తీసుకెళ్ళింది.

సారు అంతా విని, పిల్లలకు పనికొచ్చే కేసన్నాడు. నన్ను క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టాడు. పేర్లు చెప్పకుండా మా సంగతి ఒడియాలో చెప్పి, ప్రభుత్వం తరఫున మాట్లాడమని మా అమ్మాయినే లేపాడు.

అది తడుముకోలేదు. అన్ని దేశాలూ కలిసి కాపాడతామన్న ప్రాణి అంది. గుడ్లు పెట్టే కాలంలో అక్కడ వల వేయడమే నేరమంది. చెప్పకుండా పూడ్చడమంటే సాక్ష్యం దాచడమేనంది. భక్తి లెక్కలోకి రాదు, బోటు తిరిగి ఇవ్వకూడదంది.

చప్పట్లు కొట్టారు. పక్కనున్న పిల్ల నా వైపు వంగింది. "నీళ్ళలోకి తోసేస్తే ఎవరికి తెలిసేది మౌసీ? ఆ మనిషికి ఆపాటి బుర్ర లేదా?"

"లేదమ్మా," అన్నాను.

బయటికొచ్చాక అడిగాను. "ఏటే, మీ నాన బోటు ఇవ్వొద్దన్నావా?"

"నాకిచ్చిన పక్షం అదమ్మా. మార్కులుంటాయి."

"మరి మన పక్షం ఎవులు మాటాడతారు?"

"మన పక్షాన సట్టం లేదు. నానని ఒప్పేసుకోమను."

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏటన్నాది?"

చెప్పాను. "బాగా సెప్పిందా?" అన్నాడు.

"సప్పట్లు కొట్టారు."

వాయిదా నాడు ఒప్పుకున్నాడు. బోటు రాలేదు. ఒప్పుకోమన్నది కూతురేనని ఊళ్ళో తెలిసింది. "నీ కూతురు వకీలైతే మా బోట్లు కూడా దాసుకోవాలేటే," అని వీధిలో ఆడవాళ్ళు నవ్వారు. ఆయన కేరళ వెళ్ళి పరాయి బోటు మీద కూలికి చేరాడు.

పరీక్షలో మా కేసు మీదే రాసి, ఆ పేపరులో అమ్మాయి ఫస్టు వచ్చింది. ఆయనకి ఫోన్లో చెప్పాను.

"మంచిదే," అన్నాడు. "ఏటి రాసి ఫస్టొచ్చిందో మాత్రం ఊళ్ళో సెప్పకు."