ఇడుపు బట్టలు

మా చిన్నప్పుడు... నారాయణఖేడ్‌లో మా ఇంట్లో బట్టలకు వయసును బట్టి పేర్లుండేవి. కొత్తగా ఉన్నన్నాళ్ళు అమ్మ వాటిని "మంచియి" అనేది. రంగు దిగితే "ఇడుపు బట్టలు"... అంటే ఇంట్లో వేసుకు తిరిగేవి. చిరిగితే బొంతలోకి పోయేవి. బొంతకూ పనికిరాకపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ.

అక్క ఒంటి మీద ఉన్నంతకాలం ఏ లంగా అయినా మంచిదే. నా దాకా వచ్చేసరికి ఇడుపుదైపోయేది. అందుకే అక్కను చూస్తే నాకు కడుపుమంట.

ఒకసారి బోరంచ జాతరకని అక్కకు ఊదారంగు లంగా కుట్టించారు. జరీ అంచు. ఆ రోజు నుంచి నా కళ్ళు దాని మీదే... అక్క ఎప్పుడు పొడుగవుతుందా అని చూసేదాన్ని. అక్క పొడుగైంది. అమ్మ లోపలి మడత విప్పి, కిందికి దించి కుట్టింది. మళ్ళీ ఎదురుచూపు.

చివరికి ఆ మడత కూడా చాలలేదు. ఇక నాదే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి షబానా వాళ్ళక్క పెళ్ళి వచ్చింది. షబానాది నా ఈడే. పెళ్ళికూతురి బట్టలకే వాళ్ళకు తలకు మించిన ఖర్చైంది, షబానాకు ఏమీ కొనలేదు. అమ్మ ఆ లంగా ఉతికి, మడతపెట్టి, షబానా వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

"నాకిస్తనంటివి గదా అమ్మా" అన్నాను ఏడుపు గొంతుతో.

"నీకిస్తే ఇడుపుదైతది. ఆ పిల్లకిస్తే పెళ్ళి బట్ట అయితది. ఊకో."

పెళ్ళి పందిట్లో షబానా గిర్రున తిరుగుతుంటే, ఎవరో "కొత్తదా?" అని అడిగారు. "ఔ, కొత్తదే" అంది. "మా అక్కది" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది... అమ్మ నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. ఆ రోజు బగారన్నం కూడా ముట్టలేదు.

సాయంత్రం షబానా నన్ను వాళ్ళింటి వెనక్కి తీసుకుపోయింది.

"కొద్దిసేపు ఏసుకుంటవా? జల్దీ ఇచ్చెయ్యాలె, అమ్మీ చూస్తే కొడ్తది."

"నాకేం వద్దు" అన్నాను. ఇష్టం లేక కాదు... షబానా ఒంటి మీద అది నిజంగానే కొత్తదిలా ఉంది. అదే ఓర్చుకోలేకపోయాను.

ఇప్పుడు మా పాప బీరువా నిండా బట్టలే. వాటి కోసం కాచుకుని కూర్చునే చెల్లెలు లేదు. మొన్న కొన్నిటిని సంచిలో కుక్కి, "ఇవి పాతవి మమ్మీ, ఎవరికన్నా ఇచ్చెయ్" అంది. తీసి చూశాను... రంగు దిగలేదు, ఒక్క కుట్టు ఊడలేదు. ఇంట్లో ఆ సంచి వైపు కుళ్ళుకుంటూ చూసేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంకొకరి ఒంటి మీది బట్ట చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాళ్ళు ఇక్కడ నేనొక్కదాన్నేనా... మీరూ ఉన్నారా?