పేరు లేని ముద్ద

1992లో మస్కట్‌లోని ఘుబ్రాలో ఒక ఇండియన్ స్కూల్లో కేజీ టీచర్‌గా పనిచేసేదాన్ని. బడి తెరిచిన మొదటి కొన్ని వారాలను మేం సెటిలింగ్ పీరియడ్ అనేవాళ్లం. అంటే పిల్లలు ఏడుపు మాని, తమ పనులు తాము చేసుకోవడం నేర్చే గడువు. అది దాటినా టిఫిన్ తినలేని పిల్లను ఇంటికి పంపి, సీటు ఇంకొకరికి ఇచ్చేసేవారు.

ఆ ఏడు స్వప్న సీటు పోయేలా ఉంది. నాలుగేళ్ల పిల్ల. బెల్లు కొట్టగానే డబ్బా మూత తనే తీసేది, లోపలున్న పప్పన్నం ముద్దల్ని చూస్తూ కూర్చునేది. నేను బతిమాలితే నోరు బిగించేది. ఆయా పెట్టబోతే తల తిప్పేసేది. అబ్బబ్బ, ఎంత మొండిఘటమో!

వాళ్లమ్మ సుజాతది జగిత్యాల వైపు. భర్త, అంటే స్వప్న వాళ్ల బాపు, ఒక కంపెనీలో ఫోర్‌మన్. గురువారం సైట్ నుంచి వస్తే శుక్రవారం సాయంత్రానికి మళ్లీ డ్యూటీ. ఈ దేశంలో ఆమెకు రోజంతా ఉన్న తోడు ఈ పిల్ల ఒక్కతే. ఒకరోజు బడి గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"టీచర్, జర నన్ను లోపలికి రానియ్యుండ్రి. తినిపిచ్చి పోతా. బిడ్డ ఉపాసముంటే నా పానం ఆగుతలేదు."

"నువ్వొచ్చి పెడితే ఇక ఎప్పటికీ తినదమ్మా," అన్నాను కాస్త గట్టిగానే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "సరే, ఇంట్లో ఎలా పెడతావో చెప్పు," అన్నాను.

"ఎట్లేముంది టీచర్! ఇది బాపు ముద్ద, ఇది అమ్మమ్మ ముద్ద అనుకుంట పెడ్త. పేరు చెప్పకుంటే నోరు తెర్వది."

ఓసి నీ! ఇన్నాళ్లూ పిల్ల ఎదురుచూస్తున్నది పేరు కోసమన్నమాట.

మర్నాడు స్వప్ననే అడిగాను. "ఇది ఎవరి ముద్దే?"

చాలాసేపు ఆలోచించి, "బాపుది," అంది.

"మరి తినేసెయ్!"

చెయ్యి మెల్లగా డబ్బాలోకి వెళ్లింది. రెండో ముద్దకు ఆయా పేరు పెట్టింది, మూడోదానికి నా పేరు. అవీ తినేసింది. నాకైతే గంతులెయ్యాలనిపించింది. చివరిది మాత్రం ముట్టుకోకుండా మూత పెట్టేసింది.

బడి వదిలాక గేటు దగ్గర సుజాత డబ్బా తెరిచి, "ఇయ్యాల గూడ మిగిలిచ్చినవా బిడ్డా!" అంటూ అలవాటు కొద్దీ ఆ ముద్దను పిల్ల నోటికి అందించబోయింది. స్వప్న ఆ చేతిని వెనక్కి నెట్టింది.

"గది అమ్మ ముద్ద. నువ్వే తిను."

సుజాత అక్కడే నిలబడి తింది. తింటూనే ఏడ్చింది. "ఇది బడికొచ్చినకాంచి నాక్కూడా బువ్వ దిగుతలేదు టీచర్," అంది.

స్వప్న సీటు నిలిచింది. ఆ తర్వాత ఎందరో తల్లులు ఆ గేటు దగ్గర నిలబడి, పిల్ల తిన్నదా అని అడిగారు. జవాబు చెప్పే ముందు నేను ప్రతి ఒక్కరినీ అడిగేదాన్ని: "నువ్వు తిన్నావా అమ్మా?"