గంగమ్మ ముందర మా సున్నపోళ్ల పొయ్యి

మా ఇంటిపేరు సున్నపు. అది ఎట్లా వచ్చిందని అడిగితే మా నాయనది ఎప్పుడూ ఒకటే జవాబు. "కార్వేటినగరం కోటకు సున్నం కాల్చినోళ్లం. మా తాత కాల్చిన సున్నం బాగలేక గోడ కూలి మనిషి పోయినాడంట. మన పల్లెలోంచి ఊరోళ్లు తరిమేసినారు. ఆ ఊరి గంగమ్మ ముందర మనకు మొగం చెల్లదు." చిన్నప్పటి నుంచి విని విని నాకు విసుగొచ్చేసింది. అయితే పోయిన నెల ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఇంటికొచ్చిన రోజే, "ఆ ఊరు సూడకుండానే పోతానేమో" అన్నాడు. ఇంక ఆగుతానా? డాక్టరు సరేననగానే బయల్దేరదీశాను.

తిరుపతి బస్టాండులో పొద్దున ఏడింటికి పుత్తూరు పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి నాయనొక్కడికే టికెట్ తీసుకున్నాను. గంట పైనే పట్టింది. పుత్తూరులో ఇడ్లీ తిని కార్వేటినగరం బస్సు పట్టుకున్నాం. అక్కడి నుంచి మా తాతల పల్లెకు బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే, రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి ఐదు వందలకు ఒప్పుకున్నాడు.

తీరా ఊరి మొదట్లోకి వచ్చాక నాయన దిగనంటే దిగనని భీష్మించుకున్నాడు. "నువ్వు పోయిరా పాపా. నేనీడే ఉంటా." ఇంత దూరం తెచ్చింది ఆటోలో కూర్చోబెట్టడానికా అని అరిచాను. "పెద్దాయన్ని వదిలెయ్యక్కా, నేనుండాను కదా" అన్నాడు డ్రైవరు. అరిచానే గానీ, లోపల నాకూ భయమే. నిజంగానే తరిమేసి ఉంటే ఆ మాట ఆయనకు ఏ నోటితో చెప్పాలి?

గంగమ్మ గుడి ముందర ఊడుస్తున్న ముసలామెకు మా ఇంటిపేరు చెప్పాను. ఆమె పేరు మునెమ్మ. "సున్నపోళ్లా! రా, మీ పొయ్యి సూపిస్తా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. గుడి ఎదురుగా వరసగా మూడేసి రాళ్ల పొయ్యిలు. జాతరలో ఏ ఇంటోళ్లు ఆ ఇంటి పొయ్యి మీదే పొంగలి పెట్టాలట. చివర్లో ఒకదాంట్లో బూడిద లేదు. రాళ్లకు మాత్రం పసుపూ కుంకుమా ఉన్నాయి.

"ఇదే మీది. మీరు రాకపోయినా ఏటేటా మేమే పసుపు పూస్తాం."

"గోడ కూలిందని, ఊరు తరిమేసిందని మా నాయన అంటాడే?"

"గోడ సంగతి నాకు తెలీదు. కోట పని నిలిచిపోయి, సున్నపు బట్టీ ఆరిపోయి, కూలి కోసం తిరపతికి పోయినారని మాయత్త చెప్పేది. ఊరు తప్పు పట్టిన ఇంటి పొయ్యిని రాళ్లతో సహా పెరికేస్తారు. అదో, ఆడ సూడు, అట్లా పెరికిన గుంట. మీది ఎవురూ పెరకలేదే!"

అమ్మయ్య అనుకుంటూ అక్కడే చతికిలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి.

నేను లేచేలోపే మునెమ్మ ఆటో దగ్గరికి పోయింది. "ఏందన్నా, పొయ్యి ముట్టించకుండానే పోతావా? దిగు!" చెయ్యి పట్టి దింపి తీసుకొచ్చి, గుంట చూపించి సంగతంతా మళ్లీ చెప్పింది. నాయన వంగి మా రాళ్లను ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. ఊరికి వచ్చినోళ్లు పొంగలి పెట్టకుండా పోకూడదట. కుండా బియ్యం మునెమ్మ ఇచ్చింది, డ్రైవరు పుల్లలు ఏరుకొచ్చాడు. కుండ పొంగినప్పుడు ఇంటి పెద్ద ఇంటిపేరు గట్టిగా చెప్పాలట. మొదటిసారి నాయన గొణిగింది నాకొక్కదానికే వినబడింది. రెండోసారి వీధి చివరిదాకా వినబడింది. "సున్నపోళ్ల పొంగలి!"

గోడ కూలిందో లేదో నాకింకా తెలీదు. పని లేక ఊరు వదిలిన ఒక మామూలు మనిషిని ఇన్నాళ్లూ మా ఇంట్లోవాళ్లమే దోషిని చేశాం, పాపం. ఊరు మాత్రం ఆయన్ను దోషిని చెయ్యలేదు.

మీరూ ఇట్లా పెద్దల ఊరు వెతుక్కుంటూ పోతే, ముందు గ్రామదేవత గుడి దగ్గర ఇంటిపేరు చెప్పి అడగండి. ఇంట్లో ఎవరు ఎక్కువ భయపడుతుంటారో, బతిమాలైనా సరే, వాళ్లను వెంట తీసుకుపోండి. ఇదంతా నేనొక్కదాన్నే పోయి వచ్చి చెప్పి ఉంటే, మా నాయన నమ్మేవాడు కాదు.