ఖాళీ బల్ల దగ్గర ఆరిన్

ఆరిన్ క్వామె రోజుకి పది మాటలు మాట్లాడితే వాటిలో ఎనిమిది "ఖాళీ" అనే మాటే అయ్యుంటుందని ఊళ్ళో నవ్వుకుంటారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. నెలకో ఆదివారం ఊరికి ఉత్తరాన ఉన్న పాత కంకర గోతిలో సరదాగా తుపాకులు కాల్చేవాళ్ళు చేరతారు. పాతకాలపు చొక్కాలు, వెడల్పు టోపీలు, కింది లీవర్ ఆడిస్తే తూటా మారే తుపాకులు, ఎదురుగా వరసగా వేలాడే ఇనప పలకలు. ఒక్కొక్కరికి పది తూటాలు. కాల్చడం అయ్యాక ప్రతివాళ్ళూ లీవర్ తెరిచిన తుపాకీని చివరి బల్ల దగ్గరికి తీసుకురావాలి. ఆ బల్ల వెనక చేతికి నారింజ రంగు పట్టీ కట్టుకుని ఆరిన్ నిలబడతాడు. లోపలికి తొంగిచూసి "ఖాళీ" అంటాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేదాకా తుపాకీ పట్టుకున్నవాడు కదలడానికి లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల, అదే మనిషి. జట్టులో ప్రతివాళ్ళకీ ఒక ముద్దుపేరు ఉంటుంది. ఆరిన్‌ది కంకర దొర. కౌంటీ మట్టిరోడ్లు చదునుచేసే బండి నడిపి రిటైరయ్యాడు కాబట్టి ఆ పేరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "రోడ్డు మీద ఎవరూ చెయ్యెత్తి ఆపలేదు" అంటాడు. జట్టులో సగంమందికి తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఒకసారి జిల్లా జడ్జిగారు వచ్చి, తొందరలో లీవర్ మూసేసిన తుపాకీ బల్ల మీద పెడితే, "అయ్యా, మీ కోర్టులో నేను టోపీ తీస్తాను. నా బల్ల దగ్గర మీరు లీవర్ తియ్యాలి" అన్నాడట. జడ్జిగారు తీశారు.

ఆరిన్ చెల్లెలు ఏవిస్, బడి వంటింట్లో ఇరవై ఏడేళ్ళు వండి మొన్న మార్చిలో మానేసింది. అన్నకంటే పదకొండేళ్ళు చిన్న. కంకర గోతికి పై అనే పళ్ళ రొట్టె తెచ్చి, ముక్కలు కోసి, కాఫీ పోసి ఇంటికెళ్ళడమే తప్ప ఎన్నడూ తుపాకీ ముట్టలేదు. ఈ వసంతం నుంచి మాత్రం అన్నని కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చే పని ఆమెది. తన బండికి గేరు పెట్టె పాడైందని అన్నాడు ఆరిన్. గేరు పెట్టె బాగానే ఉంది. బిల్లింగ్స్ పట్నంలో కళ్ళ డాక్టరు చెప్పిన మాట ఏవిస్ స్వయంగా విన్నది. కంటి నడిమధ్య చూపు కరిగిపోతోంది, అంచులు మిగులుతాయి, ఇందుకు చేయగలిగిందేమీ లేదు. డాక్టరు మంచివాడు. ఆ మాట రెండుసార్లు, రెండు రకాలుగా చెప్పాడు. రెండుసార్లూ అర్థం ఒకటే.

ఇంటికి తిరిగొస్తూ ఆరిన్, "కొంచెం మసక, అంతే. జట్టులో వాగకు" అన్నాడు.

ఆమె వాగలేదు. మే నెలలో ఆయనే అన్నాడు: "ఊరికే కూర్చుని పై ముక్కలు ఎంతసేపు కోస్తావే? నువ్వూ కాల్చు. మొదటి తుపాకీ నేను చూసిపెడతా."

చూసిపెడతా అన్న మాటకి ఏవిస్ తల వంచుకుంది. సరేనంది.

తుపాకులమ్మే డెల్బర్ట్ కొట్లో ఆ శనివారం పొద్దున ఇంకెవరూ లేరు. డెల్బర్ట్ యాభై దాటినవాడు, ఆరిన్ దగ్గర తుపాకీ పట్టడం నేర్చినవాళ్ళలో ఒకడు. మూడు తుపాకులు తీసి, ఒక్కొక్కదాని లీవర్ తెరిచి చూసి, గాజు బల్ల మీద పరిచాడు. ఏవిస్ చెయ్యి మొదటిదాని మీదికి వెళ్ళింది. చెక్క మీద చెక్కిన లతలు అందంగా ఉన్నాయి.

"ఏది పట్టుకుంది?" అని అడిగాడు ఆరిన్.

"లతలున్నది, అన్నా. ముప్పై ముప్పై తూటాది" అన్నాడు డెల్బర్ట్.

"పెట్టెయ్యి. అది జింకల కోసం. ఆ తూటా తగిలితే పలకలకి గుంటలు పడతాయి, జట్టు పెద్ద క్లీట్ నిన్ను గోతిలోంచి తరిమేస్తాడు. నీకు రివాల్వర్లో వేసుకునే చిన్న తూటా పట్టే తుపాకీ కావాలి. భుజం నొప్పి పుట్టదు, పదిసార్లు కాల్చినా నవ్వుతూ ఉంటావు."

రెండోది కొత్తది, మిలమిలలాడుతోంది, గొట్టం పొడుగు. ఆరిన్ దాన్ని చెల్లెలి చేతికి ఇప్పించాడు.

"కళ్ళు మూసుకో. భుజానికి ఆనించుకో. చెంప చెక్కకి పెట్టు. సరిగ్గా కుదిరిందనిపించాక కళ్ళు తెరు. గొట్టం చివర గురి చూసే గింజ కనబడుతోందా?"

"లేదు. ఇనుమే కనబడుతోంది."

"అయితే అది నీది కాదు. దాని మడమ, అదే భుజానికి ఆనే చెక్క, నీ చేతికి పొడుగు. తుపాకీ మనదైతే, కళ్ళు తెరిచేసరికి గింజ అక్కడే ఉంటుంది. వెతుక్కోనవసరం లేదు."

తను చూడలేని గింజ గురించి ఆయన అంత ఓపిగ్గా చెబుతుంటే ఏవిస్‌కి ఆ తుపాకీ ఎక్కడ దించాలో తెలియలేదు.

మూడోది పాతది. కురచ గొట్టం. చేత్తో పట్టుకు మోసిన చోట నలుపు అరిగి వెండిలా తేలింది. ఆరిన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని లీవర్ ఆడించాడు. ఒకసారి మెల్లగా, ఒకసారి జోరుగా. మళ్ళీ మెల్లగా.

"మొగుణ్ణి వెతికినట్టు వెతుకుతున్నావేంటి అన్నా" అన్నాడు డెల్బర్ట్.

"మొగుణ్ణి అదే వెతుక్కుంది. నన్నడగలేదు. అందుకే ఇది నేను వెతుకుతున్నా." లీవర్ మళ్ళీ ఆడించాడు. "ఇది ఎక్కడా పళ్ళు కొరకట్లేదు. ఎవరో దీన్ని ప్రేమగా చూసుకున్నారు. ఏవీ, కళ్ళు మూసుకో."

ఆమె మూసుకుని, ఆనించుకుని, తెరిచింది. గింజ అక్కడే ఉంది.

తూటాలు ఎలా నడుస్తాయో చూడమని డెల్బర్ట్ ఉత్తుత్తి తూటాలు, ఎర్ర ప్లాస్టిక్‌వి, గొట్టం కింది గూట్లోకి తోశాడు. ఎప్పుడూ ఐదే పెడతాడు. ఆ రోజు సొరుగులో ఇంకొకటి దొరికితే అదీ తోశాడు. ఏవిస్ లీవర్ ఆడిస్తుంటే అవి రబ్బరు పరుపు మీద టప్పుమని ఒక్కొక్కటే పడ్డాయి. ఆరిన్ పెదవులు కదులుతున్నాయి. ఐదోది పడగానే చెయ్యి చాచి, తెరిచి ఉన్న తుపాకీ అందుకుని, ముఖం వంచి లోపలికి చూశాడు.

"ఖాళీ" అన్నాడు.

లోపల ఆరోది, ఎర్రగా, వేలెడంత దూరంలో ఉంది.

డెల్బర్ట్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఏవిస్ వంక చూశాడు. ఆమె ఏం చేస్తోందో ఆమెకే తెలియకుండా తుపాకీ అందుకుని, ఆ ఎర్ర తూటాని రెండు వేళ్ళతో చప్పుడు కాకుండా లాగి కోటు జేబులో వేసుకుంది.

"ఇదే తీసుకుంటాను" అంది.

తుపాకీ బండిలో పెడుతున్నప్పుడు డెల్బర్ట్ గొంతు తగ్గించి, "చూడట్లేదు ఏవిసక్కా. లెక్కపెడుతున్నాడు. గోతిలో కూడా అంతే చేస్తున్నాడేమో. పది చప్పుళ్ళు వింటాడు, ఖాళీ అంటాడు" అన్నాడు.

ఏవిస్‌కి గుర్తొచ్చింది. ఈ వసంతం నుంచీ ఆరిన్ బల్ల దగ్గర, కాల్పుల చప్పుడు ఆపే చెవి డిప్పల్లో ఒకటి పక్కకి జరుపుకుంటున్నాడు. చెమట పడుతోందేమో అనుకుంది.

"ఎవరికైనా తగిలితే?" అన్నాడు డెల్బర్ట్. "నువ్వే చెప్పాలి."

"నువ్వు చెప్పు. కొట్టు నీది, జట్టు నీది."

"నా వల్ల కాదక్కా. నాకు పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి నా చేతిలో తుపాకీ పెట్టింది ఆయన."

"నాకు నాలుగేళ్ళప్పుడు బూట్ల తాడు కట్టింది ఆయన" అంది ఏవిస్.

వారం గడిచింది. సోమవారం అన్నయ్య ఇంటికి వెళ్ళింది చెప్పేద్దామనే. ఆరిన్ తన పాత తోలు పట్టీ ఒకటి సాగదీసి, ఆమె తుపాకీ లీవరుకి చుడుతున్నాడు, వేళ్ళు గీసుకుపోకుండా. వేళ్ళతోనే చూసుకుంటూ, ఒక్క ముడి కూడా తప్పకుండా చుట్టాడు. ఆమె సూపు వేడిచేసి వచ్చేసింది. బుధవారం ఫోన్ చేసి వాతావరణం గురించి మాట్లాడింది. శుక్రవారం క్లీట్‌కి చెబుదామని వాళ్ళ గుమ్మందాకా వెళ్ళింది. క్లీట్ జట్టు నడిపేవాడు, గడియారం పట్టుకుని అందరి సమయం చూసేవాడు. అతను చెబితే అన్నయ్య వింటాడు. కానీ ఇంకొకరి నోటితో ఆ మాట అన్నయ్య చెవిన పడటం ఆమెకి కొట్టినట్టే తోచింది. పైలో వేసే పుల్లటి రూబార్బ్ కాడలు కొంచెం ఉంటే ఇమ్మని అడిగి తిరిగొచ్చింది. చేతినిండా ఉన్న కాడల్ని కారు పక్కసీట్లో పెట్టి, తాళాల కోసం జేబు తడిమింది. ఆ ఎర్ర తూటా జేబులోనే ఉంది. చెయ్యి పెట్టినప్పుడల్లా తగులుతోంది.

ఆదివారం గాలి బాగా ఉంది. పలకలు వాటంతట అవే మోగుతున్నాయి. తూటాలు నింపుకునే బల్ల దగ్గర ఏవిస్ కొత్తదని, పక్కనున్నావిడ ధైర్యం చెప్పడానికి మాట్లాడుతూనే ఉంది. పై రొట్టె అడుగు మెత్తబడకుండా ఏం చెయ్యాలి అని అడిగింది. ఏవిస్ చెబుతూ తూటాలు తోస్తూ పోయింది.

"ముద్దుపేరు ఏం రాయమంటావు?" అని అడిగాడు క్లీట్.

"ఏమీ లేదు."

"గరిటె రాణి అని రాసెయ్యి" అని దూరం నుంచి ఆరిన్ అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమె కాల్చింది. మొదటివి రెండూ మట్టిలోకి పోయాయి. మూడోదానికి పలక టింగ్ మంది. అక్కడినుంచి చేతికి లీవర్ అలవాటైంది, అన్నయ్య చెప్పినట్టే ఎక్కడా పళ్ళు కొరకలేదు. పదోది కాల్చి, లీవర్ తెరిచి, తుపాకీని ఆకాశంవైపు పట్టుకుని చివరి బల్ల దగ్గరికి నడిచింది. క్లీట్ అప్పటికే తర్వాతి మనిషిని పిలుస్తున్నాడు.

ఆరిన్ చెవి మీది డిప్ప సరిచేసుకున్నాడు. ముఖం వంచాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన ముఖం, సంతోషంగా ఉంది.

"ఎనిమిది మోగాయి. మొదటిరోజుకి ఎక్కువే" అని, "ఖాళీ" అన్నాడు.

ఏవిస్ లోపలికి చూసింది. ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. పదకొండోది. కాల్చనిది. ఎక్కించింది తనే, పై రొట్టె గురించి మాట్లాడుతూ.

రెండు వేళ్ళు చాలు దాన్ని తీసేయడానికి. కోటు జేబు ఉండనే ఉంది. ఆమె వెనక ఇద్దరు పిల్లల తల్లి ఒకామె తుపాకీ పట్టుకుని, తన వంతు "ఖాళీ" మాట కోసం ఎదురు చూస్తోంది. ఇవాళ తన తుపాకీలో ఉంది. రేపు ఎవరి తుపాకీలో ఉంటుందో.

"అన్నయ్యా" అంది. "వేలు పెట్టి చూడు."

"చూశాగా."

"వేలు పెట్టు."

ఆయన చిటికెన వేలు లోపలికి పోయింది. ఆగింది. తూటా మొన మీద అలాగే ఉండిపోయింది. గాలికి ఒక పలక మోగింది. ఆరిన్ వేలు తియ్యకుండానే, "ఎన్ని ఎక్కించావు?" అన్నాడు.

"తెలియదు. మాట్లాడుతూ ఎక్కించాను."

"పది విన్నాను."

"పదే కాల్చాను."

ఆయన తూటా తీసి బల్ల మీద నిలబెట్టాడు. మళ్ళీ లీవర్ ఆడించి, మళ్ళీ వేలు పెట్టి, ఈసారి నిజంగా ఖాళీ అయిన తుపాకీని ఆమెకిచ్చాడు. ఆ మాట మాత్రం అనలేదు. చేతి పట్టీ ముడి విప్పుకోవడానికి కాసేపు పట్టింది. ఎవరో సాయం రాబోతే మోచేత్తో ఆపాడు. క్లీట్ వచ్చేసరికి పట్టీ మడిచి తూటా పక్కన పెట్టి ఉంది.

"నడుం నొప్పిరా. ఎంతసేపని నిలబడతాను" అన్నాడు.

క్లీట్ పట్టీ వంక, తూటా వంక, ఏవిస్ వంక చూశాడు. "అలాగే అన్నా" అన్నాడు. 

ఆమె తెచ్చిన పై రొట్టె ఎవరూ ముట్టుకోలేదు. తిరుగుదారిలో ఆరిన్ తను చదునుచేసిన రోడ్డు మీద ప్రతి గతుకునీ ముందే చెబుతూ వచ్చాడు: "ఇక్కడ మెల్లగా." ఆమె ప్రతిసారీ మెల్లగా పోనిచ్చింది. వంతెన దాటాక అన్నాడు:

"డెల్బర్ట్ కొట్లో కూడా ఉందా లోపల?"

ఏవిస్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టి, ఆ ప్లాస్టిక్ తూటా తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

ఆరిన్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తల పక్కకి వంచి, చూపు అంచుల్లోకి తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాడు.

"ఏ రంగు?" అన్నాడు చివరికి.

"ఎరుపు."

"ఎరుపా" అన్నాడు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. "ముందు గతుకుంది. మెల్లగా."