మధ్యాహ్నం వేసిన అతుకులు

విద్యుత్ బోర్డును విడగొట్టి కంపెనీలుగా మారుస్తున్న ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను చంద్రపూర్ జిల్లాలోని ఒక థర్మల్ కేంద్రానికి వెల్డింగ్ తనిఖీ చూసే డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. అంతకుముందు అక్కడ తనిఖీకి ఒక విభాగమే ఉండేది. పంపకాల్లో తలా ఒక దిక్కుకు పోగా బాయిలర్ మీద మిగిలింది నేనొక్కదాన్నే. ఎవరికి రిపోర్టు చేయాలని అడిగితే ఆర్డరు వస్తుందన్నారు. ఆర్డరు వచ్చేలోపే యూనిట్‌ను ఓవర్‌హాలింగ్‌కు ఆపేశారు.

బాయిలర్‌లో హెడర్ అని లావుపాటి ఉక్కు గొట్టం ఉంటుంది. సన్న ట్యూబులన్నీ వచ్చి అందులో కలుస్తాయి. ఆ ఏడాది దాని అతుకులు కొన్ని కోసి మళ్లీ వేయాలి. వేయడం కాంట్రాక్టరు పని. ప్రతి అతుకుకూ రేడియోగ్రఫీ, అంటే ఎక్స్‌రే లాంటి ఫిల్ము తీయించి, పాసో ఫెయిలో తేల్చడం నా పని. సన్న ట్యూబులు వేరేవాళ్లు గ్యాసు రక్షణలో తీగతో అతికేవారు. హెడర్‌కు మాత్రం పూత పూసిన రాడ్లు వాడాలి. ఆ పనంతా ఏసుదాసు అనే ఒక్క వెల్డరు మీదే నడుస్తోంది. మాజ్రి గనుల దగ్గర పుట్టి పెరిగిన తెలుగువాడు. చెయ్యి తిరిగిన పనివాడని సైటంతా చెప్పుకునేది.

అలాంటివాడి అతుకులు వరసగా ఫెయిలవడం మొదలైంది. ఫిల్ము నిండా గాలిబుడగల చుక్కలే. పొద్దున వేసినవి నిక్షేపంగా ఉండేవి, మధ్యాహ్నం వేసినవే పోయేవి. కాంట్రాక్టరు సైటు ఇన్‌ఛార్జి బోర్కర్‌కు కారణం ఇట్టే దొరికింది. భోజనం వేళ తాగుతున్నాడట. గేట్‌పాస్ లాగేస్తానన్నాడు. తాగుబోతని పేరుపడి గేట్‌పాస్ పోయినవాణ్ని ఆ చుట్టుపక్కల మరో కాంట్రాక్టరు పిలవడు. ఓవర్‌హాలింగ్ పనులు చూసే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు కూడా మనిషిని మార్చి పని ముగించమని మరాఠీలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. తాగినవాడి చెయ్యి వణికితే అతుకు వంకరపోతుంది గానీ, పైకి అంత నున్నగా ఉండి లోపల బుడగలెందుకొస్తాయి?

ఏసుదాసు నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నా చెయ్యి గదే, మిషను గదే. పొద్దుగాల మంచిగొస్తది, తిన్నంక ఖరాబైతుంది. ఎందుకో నాకు సమజైతలేదు. గని నేను మందు ముట్టను. మా చర్చిల ఎవర్నన్న అడుగు."

నేను చర్చికి వెళ్లలేదు. మర్నాడు నా భోజనం వాయిదా వేసుకుని, అందరూ తినే వేళకు బాయిలర్ ఎక్కాను. మెట్ల మలుపులోనే వెల్లుల్లి పోపు వాసన తగిలింది. బాయిలర్ మీద పోపు వాసనేమిటని దాన్నే పట్టుకుని వెళ్తే, రాడ్ల ఓవెన్ దగ్గర తేలాను.

ఆ రాడ్ల పూతకు తేమను పీల్చుకునే గుణం ఉంది. తడి పట్టిన రాడ్‌తో వెల్డు చేస్తే ఆ తేమే కరిగిన లోహంలో బుడగలై చిక్కుకుంటుంది. అందుకే వాటిని ముందు బాగా కాల్చి, వాడేదాకా వేడి ఓవెన్‌లో ఉంచాలి. తలుపు తెరిచాను. పై అరలో రాడ్లు, కింది అరలో స్టీలు టిఫిన్ డబ్బాలు! మూతల సందుల్లోంచి పప్పు ఆవిరి కక్కుతోంది. రొట్టెలు మాడకుండా ఎవరో పుణ్యాత్ముడు వేడి మీటను కూడా బాగా కిందికి తిప్పాడు. ఆ ఆవిరి పట్టిన రాడ్లే మధ్యాహ్నం పైకి వెళ్తున్నాయి. ఏసుదాసు హెడర్ పక్కనే కూర్చుని చల్లారిన రొట్టె తినేవాడు కాబట్టి ఈ సంగతి అతనికి తెలియదు.

అన్నిటికంటే పొడుగు డబ్బా ఎవరిదని స్టోరు మనిషిని అడిగాను. అతను నీళ్లు నమిలి, పెద్దసారుదనీ, చంద్రపూర్‌లో తుకుం పేటలోని ఆయన ఇంటి నుంచి వస్తుందనీ చెప్పాడు.

అక్కడికక్కడే పని ఆపించాను. ఆ డబ్బా నేనే పట్టుకెళ్లి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారి టేబుల్ మీద పెట్టి, సంగతి చెప్పి, పరీక్షకు ఒప్పించాను. డాక్టరును పిలిచి ఏసుదాసు తాగలేదని అందరి ముందూ చెప్పించాను. తర్వాత అతనిచేత రెండు ముక్కలు అతికించాను. ఒకదానికి డబ్బాల పక్కన ఉన్న రాడ్లు, రెండోదానికి నా కళ్లెదుట కాల్చిన రాడ్లు. ఫిల్ములు వెలుగుపెట్టె మీద పెడితే మొదటిది అట్టులాగా చిల్లులు, రెండోదాంట్లో వెతికినా మచ్చ లేదు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు రెండింటినీ మార్చి మార్చి చూసి, గేట్‌పాస్ ఊసు ఎత్తవద్దనీ, రేపటి నుంచి తన డబ్బా ఆఫీసులోనే ఉంటుందనీ అన్నారు. తర్వాత వచ్చిన ప్రమోషను కూడా నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

ఫెయిలైన అతుకులన్నీ ఏసుదాసే కోసి మళ్లీ వేశాడు. అన్నీ పాసయ్యాయి. చివరికి హైడ్రో పరీక్ష. బాయిలర్ నిండా నీళ్లు నింపి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి ఆపుతారు. గేజి ముల్లు కదలలేదు. ఏసుదాసు హెడర్ అతుకులన్నీ ఒక గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, ఆ గుడ్డను బోర్కర్ చేతిలో పెట్టాడు.

"పొడిగుంది సార్" అన్నాడు. సైటంతా చప్పట్లు కొట్టింది, నేను కూడా కొట్టాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ సైటుకు వెళ్లినా ఫిల్ములు అడగడానికి ముందే ఓవెన్ తలుపు తెరిచి వాసన చూసేదాన్ని. అతుకు పోతే వెల్డరును నిలదీసేముందు అతని చేతికి మనం ఏమిచ్చామో చూడాలి. ఆ వానాకాలం నేను నేర్చుకున్నది ఇదే.